మర బిగిసింది, ట్యాంకు పొర్లింది

డాబా మీది ట్యాంకు నిండిన సంగతి కింద మోటారు గదికి తీగలు లేకుండా తెలిసేలా లోరా పద్ధతిలో, అంటే తక్కువ కరెంటుతో చిన్న సందేశాలను రేడియో తరంగాల మీద దూరానికి పంపే పద్ధతిలో, ఒక పరికరం పెట్టించాలని మా అపార్ట్‌మెంటు సంఘం తీర్మానించింది. ఎలక్ట్రానిక్స్ చదివిన పాపానికి ఆ పని నా మెడకు చుట్టుకుంది. మాడ్యూళ్లు వచ్చాయి, యాంటెన్నాలు వచ్చాయి, మా హాల్లో బల్ల మీద పక్కపక్కన పెట్టి చూస్తే సందేశాలు చక్కగా అందాయి. ఆదివారం పొద్దున ప్రెసిడెంటు గారు, సెక్రటరీ గారు, ప్రతి రూపాయికీ రసీదు అడిగే ట్రెజరర్ గారు డాబా మీదికి వేంచేశారు. వాచ్‌మన్ మోటారు వేశాడు. ట్యాంకు నిండింది, కింది పరికరం కిక్కురుమనలేదు, పొర్లిన నీళ్లు ట్రెజరర్ గారి తోలు చెప్పులను ముంచెత్తాయి.

"సరిగ్గా బిగించలేదేమోనండీ," అంటూ సెక్రటరీ గారు పట్టకారు అందించారు. నిజానికి యాంటెన్నా బిగిసినంత ముచ్చటగా ఆ పరికరంలో మరేదీ బిగియలేదు. దాన్ని విప్పి, ఫోను టార్చి వెలుగులో దాని మూతిలోకి తొంగి చూశాను. ముగ్గురు పెద్దలూ నా భుజాల మీదుగా వంగి చూశారు. మర లోపలివైపు ఉన్న యాంటెన్నా కొసలో, నడిమధ్యన, బంగారుపూత పూసిన సన్నని సూది ఉండాలి. మాడ్యూలు మీది కనెక్టరుకు మర బయటివైపు ఉండి, నడుమ ఆ సూది దిగే బెజ్జం ఉండాలి. యాంటెన్నాలను మరతో బిగించే ఎస్‌ఎంఏ రకం కనెక్టర్ల ఒప్పందం అది. నేను అడిగింది అదే, పొట్లం మీద అచ్చు వేసిందీ అదే. లోపల మాత్రం సూది ఉండవలసిన చోట బెజ్జం ఉంది. మాడ్యూలుకూ బెజ్జమే. ఇద్దరూ వినేవాళ్లే, చెప్పేవాళ్లు లేరు. బల్ల మీద అరచేతి దూరంలో ఉన్నప్పుడు ఆ సందులోంచి కారిన పాటి తరంగమే సరిపోయింది గానీ, అయిదు శ్లాబులు దాటి కిందికి దిగవలసి వచ్చేసరికి దాని ప్రాణం డాబా మీదే పోయింది.

సూదినీ బెజ్జాన్నీ ఇలా తారుమారు చేసిన రకాన్ని ఆర్‌పీ-ఎస్‌ఎంఏ అంటారు; వైఫై రూటర్లకు ఎక్కువగా ఉండేది ఇదే. కొన్నవాళ్లు తమకు తోచిన పెద్ద యాంటెన్నాలు తగిలించి తరంగాలను మితిమీరి వెదజల్లకుండా, పరికరాలకు మామూలుగా దొరకని కనెక్టర్లు ఉండాలని అమెరికాలో రేడియో తరంగాల వాడకాన్ని నియంత్రించే ఎఫ్‌సీసీ అనే సంస్థ ఒక నియమం పెట్టింది. తయారీదార్లు సూదిని అటుది ఇటు మార్చి ఆ నియమాన్ని పాటించామనిపించుకున్నారు. ఆ తరువాత అదే రకం యాంటెన్నాలు సంతలో వంకాయల్లా అమ్ముడుపోసాగాయి. నియమం ఉద్దేశం గంగలో కలిసింది, దాని బెజ్జం మాత్రం సముద్రాలు దాటి మా డాబా దాకా వచ్చింది.

"ఇంతకీ దీని లోపల ఏముంటుందండీ?" అని ట్రెజరర్ గారు పిండిన చెప్పులు చేతబట్టుకుని అడిగారు. పైతొడుగు లాగి చూపించాను. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లో అనుమతించిన 865-867 మెగాహెర్ట్జ్‌కు తరంగం పొడవులో నాలుగోవంతు అంటే 8.6 సెంటీమీటర్లకు పైచిలుకు తీగ కావాలి. అందులో కొసన ఉన్న తీగ మూడు సెంటీమీటర్లు, అది 2.4 గిగాహెర్ట్జ్ వైఫైకి సరిపోయే కొలత. పొట్లం మీద మాత్రం 868 అని లావుపాటి అంకెలున్నాయి. "అయితే మిగతా అయిదున్నర సెంటీమీటర్ల డబ్బు వెనక్కి రావాలి కదా," అన్నారాయన, ఎంతో న్యాయంగా.

అమ్మినవారికి ఫిర్యాదు చేశాను. యాంటెన్నా మీ పరికరానికి బిగుస్తోందా అని అడిగారు. బిగుస్తోందన్నాను. అయితే సరిపోయినట్టే కదండీ అన్నారు. సూది లేదని మొత్తుకుంటే, లేని సూది స్పష్టంగా కనిపించేలా ఫోటో తీసి పంపమన్నారు. మళ్లీ టార్చి పట్టుకుని, బెజ్జాన్ని నానా కోణాల్లో తీసి పంపాను. ఫోటో పరిశీలించామనీ, అందులో విరిగిన భాగమేదీ కనిపించనందున వాపసు కుదరదనీ జవాబు వచ్చింది; దాన్ని అచ్చు తీసి, ఖర్చుల ఫైలులో పెట్టుకుంటామని ట్రెజరర్ గారు వాచ్‌మన్ చేత కబురంపారు.