వేలిముద్ర మిషన్ గారికి, ఒక బీడీ కార్మికురాలి కూతురు రాయు ఉత్తరం

నిజామాబాద్ జిల్లాలో ఒక ఊరు,
సెప్టెంబరు 2025.

మహారాజశ్రీ వేలిముద్ర మిషన్ గారి సముఖమునకు,

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరు, మీ ఎర్ర లైటు, మీ సర్వరు క్షేమమని తలుస్తాను. సర్వరు సంగతే కాస్త అనుమానం.

నిన్న మనం కలిశాం. మీకు గుర్తుండదు. గుర్తుపట్టడం మీ ఉద్యోగమే అయినా, ఆ విషయంలో మీ పేరు ప్రఖ్యాతులు మాకు తెలుసు. పంచాయతీ అరుగు మీద, స్టూలు మీద మీరు కొలువై ఉన్నారు. పొద్దున తొమ్మిదిన్నరకు మా అమ్మ బొటనవేలు పెట్టింది. పడలేదు. చూపుడువేలు పెట్టింది. పడలేదు. పది వేళ్లూ అయ్యేసరికి పదకొండయింది. "చేతులు కడుక్కొని రా అవ్వా" అన్నాడు పింఛన్ ఇచ్చే సారు. కడుక్కొచ్చింది. "కొంగుతో మంచిగ తుడువు." తుడిచింది. "నెత్తికి రాయి, జర నూనె అంటుతది." రాసింది. వెనక లైన్లో ఒక తాత "ఊదు చెల్లె, ఊదితే పడ్తది" అన్నాడు. మా అమ్మ తన వేలి మీద తానే ఊదుకుంది, అన్నం చల్లార్చినట్టు. తర్వాత నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు నేను చూడకుండా ఉండాల్సింది.

అంతకుముందు ముఖం చూసే ఫోను కూడా పెట్టారు లెండి. కొత్తగా వచ్చింది, మీకు పోటీ. కళ్లు ఆర్పమంది. శుక్లాల ఆపరేషన్ అయిన కళ్లతో మా అమ్మ ఆర్పింది. సరిగ్గా ఆర్పలేదట. ఇంకోసారి ఆర్పేలోపు సిగ్నల్ పోయింది. మళ్లీ మీరే దిక్కయ్యారు.

మీకు ఒక సంగతి చెప్పుకోవాలి. మా అమ్మది బీడీ పింఛన్. తెలంగాణలో బీడీ కార్మికులకు 2015 నుంచి ఇస్తున్నారు, మొదట వెయ్యి, 2019 నుంచి 2016 రూపాయలు. నేను బీడీలు చుట్టిన మనిషినే అని పీఎఫ్ కాగితాలతో రుజువు చేసుకుంటే తప్ప రాదు. అమ్మ చేసుకుంది. పన్నెండో ఏట చాట ఒళ్లో పెట్టుకున్న మనిషి, ఆ మాత్రం కాగితం లేకపోతుందా.

బీడీ ఎట్లా చుడతారో మీరు చూసి ఉండరు. తునికాకు నానబెట్టి, మెత్తబడ్డాక రేకు ముక్క ఆనించి కత్తెరతో కోస్తారు. చిటికెడు తంబాకు పోసి, బొటనవేళ్ల కింద దొర్లించి, కొసను గోటితో లోపలికి నొక్కి దారం చుడతారు. రోజుకు వెయ్యి. నిన్న లైన్లో పని లేక ఫోన్ తీసి లెక్క వేశాను. ఏడాదికి రెండొందల రోజులే అనుకున్నా, నలభై ఏళ్లకు ఎనభై లక్షల బీడీలు. ఎనభై లక్షల సార్లు ఆకు దొర్లిన వేలి మీద ఇంకా ఏ గీత ఉండాలండీ మీకు?

బీడీలు చుట్టిందని పింఛన్ ఇచ్చారు. బీడీలు చుట్టింది కాబట్టే అది చేతికి రాదు. సర్కారు ఒప్పుకుంది. పీఎఫ్ కాగితం ఒప్పుకుంది. దగ్గు విని డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. మీరొక్కరే ఒప్పుకోరు. అసలు ఆ అరిగిపోయిన వేలే కదా రుజువు! బీడీ పింఛన్ లైన్లో ఎవరిదైనా మొదటిసారికే టింగుమని పడితే అప్పుడు ఆపి అడగాలి, నువ్వు నిజంగా బీడీలు చుట్టినవా తల్లీ అని.

ఇంకోటి. మా అమ్మకు సంతకం వచ్చు. డ్వాక్రా సంఘంలో చేరిన కొత్తలో బ్యాంకులో నిశాని వేయమని ఇంకు డబ్బా ఆమె వైపు తోశారట, చూడకుండానే. మా ఊళ్లో వేలిముద్రలోళ్లు అంటే ఏ తెలివీ లేనోళ్లని అర్థం. ఆ రాత్రే నా పలక అడిగి తీసుకుంది. అప్పుడు నేను రెండో తరగతి. ఆమె పేరులో ఒక ఒత్తు ఉంది, అది ఇప్పటికీ అక్షరానికి కాస్త దూరంగా, అలిగినట్టు పడుతుంది. కానీ పడుతుంది. వేలు అడగకుండా ఉండాలని ఇంత కష్టపడి సంతకం నేర్చుకుంటే, ఇరవై ఏళ్ల తర్వాత మీరొచ్చి సంతకం వద్దు, వేలే కావాలన్నారు. నిన్న సంతకం పెడతానని ఆమె రెండుసార్లు అడిగింది. సారు వినిపించుకోలేదు. ఆయనా ఏం చేస్తాడు, సంతకం పెట్టడానికి మీ ఒంటి మీద చోటేది?

మీ మంచి కూడా చెప్పాలి, లేకపోతే కళ్లు పోతాయి. మా నాయనమ్మకు 200 పింఛన్ ఉన్న రోజుల్లో ఇచ్చే చేయి చాయ్‌కని 20 పట్టుకునేది. చచ్చిపోయినవాళ్లు కూడా ఠంచనుగా పింఛన్ తీసుకునేవాళ్లు, వాళ్లకే ఆలస్యమయ్యేది కాదు. ఉమ్మడి రాష్ట్రంలో మీ పెద్దన్న, వేలిముద్ర చూసి డబ్బిచ్చే స్మార్ట్ కార్డు వచ్చినప్పుడు కార్తీక్ మురళీధరన్, ఆయనతోటి ఆర్థికవేత్తలు ఎనిమిది జిల్లాల్లో, 157 మండలాల్లో లెక్కలు తీశారు. మధ్యలో తినేయడం తగ్గింది, ఉపాధి కూలి తొందరగా అందింది, ఒక్కోసారి డబ్బు తీసుకోవడానికి పట్టే టైము 22 నిమిషాలు తగ్గింది. నేను కాదనను. ఆ 22 నిమిషాలు ఎవరికి మిగిలాయో వాళ్లు సల్లగుండాలి. నిన్న అవి మా అమ్మ ఖాతాలోంచి కోసుకున్నట్టున్నారు.

ఆ డబ్బు పనికిరానిదైతే ఇంత ఏడుపు ఉండేది కాదు. పనికొస్తుంది, అదే బాధ. తమ్ముడు దుబాయ్ నుంచి పంపేది వీసా అప్పుకూ వడ్డీకీ పోగా మరదలి చేతికి వస్తుంది. మరదలు మంచిదే. అయినా అందులోంచి బీపీ గోళీలకు అడగాలంటే అమ్మ రెండు రోజులు మాట నమిలేది. మూడో రోజు అడగకుండానే ఊరుకునేది. పింఛన్ వచ్చినప్పటి నుంచి గోళీలు ఆగలేదు. కిరాణా దుకాణం ఖాతా పుస్తకంలో ఒకప్పుడు తమ్ముడి పేరు కింద రాసేవాళ్లు. ఇప్పుడు "బీడీల అవ్వ" అని ఆమెకే ఒక పేజీ ఉంది, నెలనెలా కొట్టేస్తారు. వెయ్యి చుట్టేది మూడొందలకు తగ్గించింది. దగ్గూ తగ్గింది. ఆదివారం కోడా, చేపలా అన్న దానికి ఇంట్లో ఆమెకు ఒక ఓటు వచ్చింది. పోయిన దసరాకు నాకు చీర పెట్టింది, నాలుగు వందలది. నేను కట్టే రంగు కాదు. కట్టుకున్నాను.

ఇది విని మా ఆఫీసులో ఒకాయన, ఇట్లా ఊరికే పంచితే జనం సోమరిపోతులవుతారండీ అన్నాడు. ఎనభై లక్షల లెక్క ఆయనకూ పంపాను.

మధ్యాహ్నం రెండింటికి తేలిందేమంటే, వేలు పడనివాళ్ల బదులు పంచాయతీ కార్యదర్శి తన వేలు పెట్టి ఇప్పించవచ్చట. తొమ్మిదిన్నరకే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. కార్యదర్శి సారు మండలంలో మీటింగులో ఉన్నాడు. ఐదు దాటాక వచ్చాడు. పాతికేళ్ల పిల్లగాడు, మర్యాదస్తుడు, అవ్వా తిన్నవా అని అడిగాడు. బండి స్టాండ్ వేసి, హెల్మెట్ తీయకుండానే వేలు పెట్టాడు.

టింగుమన్నావు నువ్వు. ఒక్కసారికే.

ఆ పిల్లగాడు ఏం చుట్టాడని? వాని వేలికి పలికిన నోరు, పొద్దటి నుంచి మా అమ్మ వేలికి ఎందుకు రాలేదు? ఆమె ఎవరో అరుగు కింద పడుకున్న కుక్కకు తెలుసు, తోకాడించింది. నీకు తెలియదు. ఆమె పింఛన్ ఆమె వేలితో రాదు, ఇంకొకరి వేలితో వస్తుంది. మరి మనిషి మనిషిని చూసి ఈమేనని చెప్తే సరిపోయేటప్పుడు మధ్యలో నువ్వెందుకు? ఆధార్ మీద 2018లో సుప్రీంకోర్టు తీర్పిచ్చినప్పుడు, వేలిముద్ర పడలేదని అర్హులకు ఆపబోమని సర్కారు చెప్పిన మాటను అందులో రాసుకుంది. నిజమే, నువ్వు ఆపలేదు. తొమ్మిదిన్నర నుంచి ఐదింటి దాకా, అన్నం నీళ్లు లేకుండా, ఆడమనిషి వెళ్లడానికి మరుగు లేని చోట కూర్చోబెట్టావు. అంతే కదా?

క్షమించండి. మాట జారింది. మళ్లీ వచ్చే నెల మీ ముందే నిలబడాలి కదా.

డబ్బు ముట్టింది. రెండు వేలు. పదహారుకు చిల్లర లేదన్నారు. ఆ పదహారు, చదివింపుల్లో కలిపినట్టు శుభానికని కలిపినవి. నెలనెలా శుభం స్టూలు దగ్గరే ఉండిపోతుంది. 2023 ఎన్నికల్లో పింఛన్ నాలుగు వేలు చేస్తామన్నారు, అది అడగడానికి వేరే ఉత్తరం రాస్తాను. నాలుగు నోట్లనూ అమ్మ రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడేసింది. దారిలో ముడి విప్పి ఒక నోటు తీసి, "లీవు పెట్టినవ్ గద, జీతం కోస్తరేమో" అని నా చేతిలో పెట్టబోయింది. చాలాసేపు గుంజులాడి తిరిగి కట్టించాను.

ఇట్లు,
సంతకం వచ్చిన ఒకామె కూతురు.

తా.క.: కొట్లో ఆగి పది రూపాయల వ్యాజలైన్ డబ్బా కొనుక్కుంది. రాత్రి పడుకునే ముందు రాసుకుంటే వచ్చే నెలకు గీతలు లేస్తాయని లైన్లో ఎవరో చెప్పారట. ఈ నెల పింఛన్లో మొదటి ఖర్చు మీకే.