సవరణ: మునగ గింజల పొడి, సీసం ఉన్న నీళ్లు

బిందె నీళ్లలో మునగ గింజల పొడి కలిపితే సీసం, కాడ్మియం, ఫ్లోరైడ్ అన్నీ పోతాయని, ఇక ఫిల్టర్ అక్కర్లేదని మొన్నటి పోస్టులో రాశాను. ఆ మాట తప్పు, తీసేశాను.

ఎండిన గింజ పొట్టు ఒలిచి, పప్పు మెత్తగా దంచి నీళ్లలో కలిపితే అందులోని ప్రొటీన్లు కరుగుతాయి. వాటికి ధనావేశం, బురద రేణువులకు ఋణావేశం. రెండూ అతుక్కుని, గుత్తులు కట్టి అడుగుకు దిగుతాయి. గంటా రెండు గంటల్లో నీళ్లు తేటపడతాయి. పెద్దవాళ్లు చిల్లగింజ అరగదీసి కలిపిందీ ఇందుకే. సీసం, కాడ్మియం అనే విష లోహాలు కూడా కొంత ఆ పొడికి అంటుకుంటాయని ప్రయోగాల్లో తేలింది. ఎంత అంటుకుంటుందన్నది మాత్రం నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం), పొడి మోతాదు, మిగతా లవణాలను బట్టి మారిపోతుంది. తాగునీటిలో సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. తేటగా ఉన్నాయి కదా అని తాగేస్తే ఎలా?

ఫ్లోరైడ్ అసలు లోహమే కాదు. అది రాసేటప్పుడు నా బుర్ర ఎక్కడుందో! నల్గొండ పద్ధతిలో దాన్ని తగ్గించడానికి వాడేది పటిక, సున్నం. క్రిములకు బ్లీచింగ్ పౌడర్.

అడుగున మిగిలిన మడ్డిని కూరపాదులకు పోయమన్నాను, అదీ వద్దు. పట్టుకున్న లోహం అందులోనే ఉంటుంది. కాచినా లాభం లేదు, మరిగేకొద్దీ నీళ్లు తగ్గి లోహం చిక్కబడుతుంది. బోరు నీళ్ల మీద అనుమానముంటే ల్యాబ్‌లో లోహాల పరీక్షే చేయించండి. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చూపే టీడీఎస్ మీటరు సీసం సంగతి చెప్పదు.