చెరిపేసిన మెడల లెక్క

మొన్న వేసవి సెలవుల్లో అనంతపురంలో మా ఇంట్లో కూర్చుని మా మేనకోడలు ట్యాబ్‌లో లేపాక్షి నంది గీసింది. మెడ దగ్గర ఇరుక్కుంది. గీస్తుంది, రెండు వేళ్లతో స్క్రీన్ తడుతుంది, గీత మాయం. పదకొండుసార్ల దాకా లెక్కపెట్టి వదిలేశాను. మధ్యలో పెన్ను పక్కనపెట్టి, "గంటల దండ మెడకు ఆనుకుని ఉంటుందా, వేలాడుతుందా మామా?" అంది. ఫోన్లో ఫొటో చూపించాను. చాలాసేపు చూసింది. ఆ తర్వాత గీసిన మెడ నిలిచింది.

అయిపోయాక యాప్ తయారుచేసిన టైమ్‌ల్యాప్స్ వేసింది. రెండు గంటల పని ముప్పై సెకన్లలో పరుగెత్తింది. ఆ పదకొండు మెడల్లో ఒక్కటీ నా కంటికి ఆనలేదు. బొమ్మను మలుపు తిప్పిన ఆ ప్రశ్న, ఆ చూపు అసలు లేనే లేవు. దీన్ని 'ప్రాసెస్ వీడియో' అంటున్నారు. నన్నడిగితే అది పెళ్లి ఆల్బమ్. వంటింట్లో జరిగిన గొడవలు అందులో ఉండవు.

1963లో ఇవాన్ సదర్లాండ్ అమెరికాలోని ఎంఐటీలో చేసిన స్కెచ్‌ప్యాడ్ అనే తొలినాళ్ల కంప్యూటర్ డ్రాయింగ్ ప్రోగ్రాంలోనే, వంకరగా గీసిన గీతలను ఇలా ఉండాలని చెబితే సర్దిపెట్టే ఏర్పాటు ఉంది. గీతను చక్కబెట్టడంలో సాఫ్ట్‌వేర్ అప్పటినుంచీ ఆరితేరుతూనే ఉంది. తడబాటును భద్రపరచడం మాత్రం పెద్దగా ఎవరికీ పట్టలేదు. మామూలు అన్‌డూలో, అంటే గీసినదాన్ని వెనక్కి తీసుకునే ఏర్పాటులో, మూడు అడుగులు వెనక్కి వెళ్లి కొత్త గీత గీశారంటే పాత దారి పూర్తిగా పోతుంది. అలా పోనక్కర్లేదు. ప్రోగ్రామర్లు వాడే విమ్ ఎడిటర్‌లో 2006 నుంచే వెనక్కి తీసుకున్న మార్పులన్నీ చెట్టు కొమ్మల్లా నిలిచి ఉంటాయి. బొమ్మలకూ అదే పని చేయొచ్చు. పెన్ను కదలికను సెకనుకు 200 బిందువులుగా రాసుకుంటే, ఒక్కోదానికి చోటు, ఒత్తిడి, సమయం కలిపి 16 బైట్లు అనుకుందాం. రెండు గంటలు ఆపకుండా గీసినా 23 ఎంబీ. వాట్సాప్‌లో ఇంతకంటే బరువైన గుడ్ మార్నింగులు వస్తున్నాయి.

భద్రపరచడం సులువే, చూపించడంలోనే ఉంది చిక్కంతా. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలుతో బొమ్మలు చేస్తారు. ఉలితో రంధ్రం పడిందంటే పడినట్టే, అన్‌డూ లేదు. ఆ బొమ్మను చేతిలో పట్టుకుంటే ఒకలా ఉంటుంది, వెనక దీపం పెడితే ఇంకోలా ఉంటుంది. నేను కోరేది అలాంటి దీపం బటనే. నొక్కి పట్టుకుంటే వెనక్కి తీసుకున్న గీతలన్నీ పలచగా వెలగాలి, పెన్ను ఆగిన చోట ఆగినంతసేపటికి తగ్గ మచ్చ కనబడాలి. అంతే. ఆ ఆగడం ఆలోచనో, మంచినీళ్లకు లేవడమో సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, తెలిసినట్టు నటించకూడదు. 'సృజనాత్మకత 72 శాతం' అని మార్కులేసే యాప్ నాకొద్దు.

ఏఐ బొమ్మలు వచ్చాక 'నువ్వే గీశావని రుజువేంటి' అనే అనుమానం పెరిగింది కాబట్టి ఈ రికార్డు రేపు హాజరుపట్టీ అయ్యే ప్రమాదమూ ఉంది. అందుకే దీని తాళం బొమ్మ గీసినవాళ్ల దగ్గరే ఉండాలి, మొదట్లో ఆఫ్‌లోనే ఉండాలి.

ఇదంతా మేనకోడలికి చెప్పి, చెరిపేసినవన్నీ కనబడితే నీకు ఫర్వాలేదా అని అడిగాను.

"నీకైతే చూపిస్తాలే మామా. మా డ్రాయింగ్ సార్‌కు మాత్రం వద్దు."