అరవై వేల సూర్యుడు

పంచాంగకర్తలకు బహిరంగ విన్నపం. వచ్చే ఉగాది నుంచి రాహుకాలం, వర్జ్యం, దుర్ముహూర్తాల పక్కనే మాత్రల వేళలకు కూడా ఓ గడి కేటాయించవలసిందిగా కోరుతున్నాను. వారశూల చూసుకోకుండా విజయవాడ బస్సెక్కినా నాకు ఇంతవరకూ ఏమీ కాలేదు. వేళ చూసుకోకుండా మాత్ర మింగినందుకు మాత్రం, థైరాయిడ్ మందగిస్తే రక్తంలో పెరిగే టీఎస్‌హెచ్ 3 నుంచి 9కి ఎగబాకింది.

నాకు థైరాయిడ్ ఉంది. నిజానికి అది అందరికీ ఉంటుంది, మెడ దగ్గర, పుట్టినప్పటి నుంచీ. చక్కగా పనిచేసినన్నాళ్ళూ దాని ఊసు ఎవరూ ఎత్తరు. పని మానేసిన రోజు నుంచే ‘ఆవిడకి థైరాయిడ్ ఉందట’ అంటారు. ఈ మర్యాద ఇల్లాళ్ళకు కొత్తేమీ కాదు.

నీరసంగా ఉందని వెళ్తే డాక్టరుగారు డి విటమిన్ కూడా చూడమన్నారు. 14 వచ్చింది. 20కి తక్కువైతే లోపం కిందే లెక్క అన్నారు. మే నెల, హైదరాబాదు, బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. రథసప్తమికి నెత్తిన జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసే జాతి మనది. ‘ఆరోగ్యం భాస్కరాదిచ్ఛేత్’ అని చదువుకున్నవాళ్ళం. అయినా సూర్యుణ్ణి మందుల షాపులో పొట్లం కట్టించుకుని తెచ్చుకుంటున్నాం. అరసవల్లిలో కిరణాలు ఏడాదికి రెండుసార్లయినా స్వామి పాదాలు తాకుతాయి. మా రెండో అంతస్తు ఫ్లాటుకు ఆ భాగ్యం కూడా లేదు. కిటికీలోంచి వచ్చే కాస్త ఎండా వడకట్టిన ఎండే. చర్మంలో విటమిన్ తయారు చేసే కిరణాలను అద్దం లోపలికి రానివ్వదు.

ఇక స్కూటీ మీద వెళ్ళేటప్పుడు మోచేతుల దాకా గ్లవుజులు, మొహానికి చున్నీ, కళ్ళకు నల్లద్దాలు. సూర్యుడే ఎదురొచ్చినా నన్ను గుర్తుపట్టలేడు.

‘పొద్దున్నే లేత ఎండలో నడవండి’ అని చెప్పనివాళ్ళు లేరు. లేత ఎండ మనసుకు మంచిదే, విటమిన్ తయారు చేసే ఆ కిరణాలు మాత్రం అప్పటికింకా డ్యూటీ ఎక్కవు. తిరుపతిలో పరిశోధన చేసినవాళ్ళు 11 నుంచి 2 వరకు అని తేల్చారు, అంటే అమ్మ మనల్ని బయట అడుగు పెట్టనివ్వని వేళ. అదే ప్రాంతంలో పొలం పనులు చేసుకునేవాళ్ళకు కూడా పరీక్షలు చేస్తే, పట్నంవాళ్ళ కన్నా నయమేగానీ, వాళ్ళలోనూ చాలామందికి తక్కువే ఉంది. ఆ సంగతి తెలిశాక నాకు కాస్త సిగ్గు తగ్గింది.

డి విటమిన్ పొట్లం మీద 60,000 యూనిట్లని ఉంటుంది. సగరపుత్రుల లెక్క. ఆ అరవై వేలమందీ కలిసి తూగేది ఒకటిన్నర మిల్లీగ్రాములు, మిగతాదంతా తియ్యటి పొడి. పాలలో కలిపితే సగం గ్లాసు అడుగున అంటుకుంటుంది, చెంచాతో గీకి నాకాలి. వారానికొకటి, 8 వారాలు. నేను ఆదివారం ఎంచుకున్నాను. ఆదిత్యుడి వారం, చికెన్ వారం. కొవ్వున్న భోజనంతో బాగా ఒంటబడుతుందట, శాస్త్రం ఒక్కోసారి మన పక్షాన ఉంటుంది.

చిక్కల్లా దానికి జతగా వచ్చిన కాల్షియం మాత్రతోనే. థైరాయిడ్ మాత్ర మహా మడి మనిషి. తెల్లారి లేచి, పరగడుపున, ఉత్త నీళ్ళతోనే. తర్వాత అరగంట నుంచి గంట వరకు కాఫీ కూడా అంటుకోకూడదు. కాల్షియం, ఐరన్ అయితే నాలుగు గంటల దూరంలో నిలబడాలి. దగ్గరికొస్తే మాత్రను పేగుల్లోనే పట్టేసుకుంటాయి, ఒంట్లోకి పోనివ్వవు. ఇవేవీ తెలియని నేను, ఎలాగూ నీళ్ళు తాగుతున్నాను కదా అని రెంటినీ ఒకే గుక్కలో మింగేశాను. మూడు నెలలు! టీఎస్‌హెచ్ పెరిగింది, 75 మైక్రోగ్రాముల డోసు 100 అయింది. ‘ఏది ఎప్పుడు వేసుకుంటున్నారమ్మా?’ అని ఒక కుర్ర డాక్టరమ్మ అడిగేదాకా ఎవరికీ తట్టలేదు, నాతో సహా. ఇప్పుడు కాల్షియం రాత్రి అన్నం తర్వాత. డోసు మళ్ళీ 75.

మా పిన్నిది ఇంకో దారి. డి విటమిన్ వేసుకుంటే థైరాయిడ్ మాయమవుతుందని వాట్సాప్‌లో ఎవరో పంపారు. వెంటనే థైరాయిడ్ మాత్ర మానేస్తానంది. థైరాయిడ్ పని మానేయడానికి ఓ పెద్ద కారణం 1912లో హషిమోటో అనే జపాను డాక్టరు వర్ణించిన జబ్బు. అందులో మన రక్షణ దళమే మన గ్రంథిని కొరుక్కు తింటుంది. అలాంటివాళ్ళలో డి తక్కువగా కనబడడం నిజమే. తక్కువైనందుకు జబ్బు వచ్చిందా, జబ్బు వచ్చినందుకు తగ్గిందా అన్నది కోడీ గుడ్డూ వ్యవహారం. డి ఇచ్చి చూసిన కొన్ని పరిశోధనల్లో, గ్రంథి మీదికి ఆ దళం పంపే యాంటీబాడీలు కాస్త తగ్గాయి. అంతేగానీ తినేసిన గ్రంథి పొట్లంతో మొలవదు. ‘పిన్నీ, పంటి నొప్పికి కళ్ళజోడు పెట్టుకుంటావా?’ అని అడిగాను. ఆవిడ అలిగింది గానీ, మాత్ర మానలేదు.

మా కింది ఫ్లాటు బాబాయిగారికి 8 వారాలు అయ్యాక ఆపమని ఎవరూ చెప్పలేదు. పైగా వారానికొకటి కాస్తా రోజుకొకటి అయింది, ‘మంచిదే కదమ్మా’ అంటూ. కొన్ని నెలలకు రక్తంలో కాల్షియం పెరిగిపోయి నీరసం, మలబద్ధకం, వాంతులు. నీరసానికే కదా మొదట వేసుకున్నది! ఇంకా నీరసంగా ఉందని ఇంకో పొట్లం చింపారట. కిడ్నీల దాకా వెళ్ళకముందే కొడుకు పట్టుకున్నాడు.

నా 8 పొట్లాలూ అయిపోయాయి. నిన్న మధ్యాహ్నం పన్నెండింటికి ధైర్యం చేసి, చేతులు పైకి మడుచుకుని, డాబా మీద స్టూలేసుకు కూర్చున్నాను. పావుగంట అనుకున్నాను. పక్కనే ఎవరివో గుమ్మడి వడియాలు ఆరుతున్నాయి. కాకుల్ని తోలడానికి కూర్చున్నాననుకుందేమో, ఎదురింటావిడ తన మినప్పిండి అప్పడాలు కూడా తెచ్చి నా కాళ్ళ దగ్గర పరిచేసి, “ఎలాగూ ఉన్నారుగా అక్కా” అని కిందికి దిగి వెళ్ళిపోయింది.