పాఠ్యసామగ్రి ఎంపికకు పిల్లలే అడ్డు

ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పదలచిన తల్లిదండ్రులు ముందుగా ఒక సంగతి గ్రహించాలి. హోమ్‌స్కూలింగ్‌లో చదువు చాలా చిన్న భాగం, ఎంపికే అసలు పని. మా అమ్మాయికి మూడేళ్లు నిండిన నెలలో మేము ఎంపిక ప్రారంభించాము. ఇప్పుడు తనకు నాలుగున్నరేళ్లు. ఎంపిక సంతృప్తికరంగా సాగుతోంది.

ఈ ఏడాదిన్నరలో ఏం నేర్పారని అడిగే బంధువులు మాకూ ఉన్నారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్న సామెతను వారు మా మీద ప్రయోగించబోయారు గానీ, అది మాకు వర్తించదు. మాకు ఆలు ఉంది, బిడ్డ ఉంది, బీరువా నిండా సామాను ఉంది, లేనిది పాఠం ఒక్కటే. పైగా 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను ఉద్దేశించినది కనుక, మా విషయంలో చట్టానికి కూడా ఇంకా ఏడాదిన్నర ఓపిక ఉంది.

మొదట పద్ధతి తేల్చుకోవాలి. మాంటిస్సోరి పద్ధతికి మూలమైన ఇటలీ విద్యావేత్త మారియా మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలోని శాన్ లొరెంజో పేటలో, పగలంతా పనికి పోయే కార్మికుల పిల్లల కోసం తొలి బాలగృహాన్ని తెరిచారు. పేదల పిల్లల కోసం పుట్టిన పద్ధతి కాబట్టి దాని సామగ్రి ఇప్పుడు మధ్యతరగతికి అందని ధరలో ఉండడం సహజమే. ఆమె 1939లో స్వయంగా మద్రాసు అడయారుకు వచ్చి, యుద్ధం మూలాన ఏళ్ల తరబడి ఈ దేశంలోనే ఉండిపోయారు. అంత దగ్గరికి నడిచి వచ్చిన పద్ధతిని మేము బీచ్ అనే విదేశీ చెట్టు చెక్క రూపంలో విదేశం నుంచి, కస్టమ్స్ సుంకం కట్టి, మళ్లీ తెప్పించుకున్నాము. అక్కడితో ఆగలేదు. అక్షరాలు ఏడేళ్ల దాకా వద్దనే పద్ధతి ఒకటి ఉంది, నడక రాకముందే ఫ్లాష్ కార్డులు చూపించమనే పద్ధతి మరొకటి ఉంది. ఎవరికీ అన్యాయం జరగకూడదని రెండింటి సామగ్రీ కొన్నాము.

తెప్పించిన వాటిలో మకుటాయమానం గులాబీ గోపురం. పది చెక్క ఘనాలు, అన్నిటికంటే పెద్దది పది సెంటీమీటర్లు, చిన్నది ఒక సెంటీమీటరు, ఒకదానిపై ఒకటి క్రమంగా పేర్చాలి. మూడో రోజుకే ఆ చిన్నది కనిపించకుండా పోయింది. ఘనపరిమాణం లెక్కన నష్టం 3025వ వంతు మాత్రమే అయినా, బోధనశాస్త్రం దృష్ట్యా పోయింది శిఖరమే కాబట్టి ఆ పాఠాన్ని నిరవధికంగా వాయిదా వేశాము.

మా ప్రయత్నానికి ఇంట్లోనే వ్యతిరేకత ఉందని చెప్పక తప్పదు. మా అమ్మ రోజూ పదకొండు గంటలకు చేట ముందేసుకుని బియ్యంలో రాళ్లు, వడ్లగింజలు ఏరుతుంది. అమ్మాయి ఏ ప్రణాళికా లేకుండా పక్కన కూర్చుని తానూ ఏరుతుంది. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంది, తీసినవి లెక్కపెడుతుంది, లెక్క తప్పితే నాయనమ్మతో గొడవ పడుతుంది. మధ్యాహ్నం ఇద్దరూ వామనగుంటల పీట తీస్తారు. వరుసకు ఏడు చొప్పున ఉన్న గుంటల్లో చింతపిక్కలు పంచుతూ, ఎక్కడి నుంచి ఎత్తితే ఎక్కడ ఆగుతుందో అమ్మాయి ముందే చెప్పేస్తుంది. నేను జోక్యం చేసుకోవలసి వచ్చింది. ఏ వయసు వారికి ఉద్దేశించినదో చింతపిక్క మీద ఎక్కడా ముద్రించి లేదు.

అందుకని శాస్త్రీయమైన సార్టింగ్ కిట్ ఒకటి, 1,800 రూపాయలకు తెప్పించాను. ఒక ట్రే, ఒక పట్టకారు, అయిదు రంగుల ప్లాస్టిక్ గింజలు. మా అమ్మ ఒక గింజ పట్టుకుని చూసి, "ఇవేం గింజలురా నాయనా, ఉడుకుతాయా?" అని అడిగింది. ఆ తరానికి బోధనోపకరణాల పట్ల అవగాహన అంతే. ఆమె చుట్టాల చేత తెప్పించిన ఏటికొప్పాక లక్కపిడతలను కూడా ఇదే కారణంగా అటకెక్కించాము. అంకుడు కర్ర, లక్కలో కలిపిన సహజ రంగులు, భౌగోళిక గుర్తింపు అన్నీ ఉన్నాయి, నిజమే. కానీ వాటితో ఏయే నైపుణ్యాలు పెరుగుతాయో పెట్టె మీద రాసి లేదు. అసలు పెట్టే లేదు. అందుకే పద్నాలుగు నైపుణ్యాలు అచ్చువేసి ఉన్న ప్లాస్టిక్ వంటింటి సెట్టు కొన్నాము.

అక్షరాభ్యాసం నాడు పంతులుగారు పళ్లెంలో బియ్యం పోసి అమ్మాయి వేలు పట్టుకుని దిద్దించారు. దాన్ని సెన్సరీ ట్రే, అంటే తాకి నేర్చుకునే పళ్లెం, అంటారని, అందుకు రంగు వేసిన బియ్యం ప్యాకెట్లలో దొరుకుతాయని మాకు ఆలస్యంగా తెలిసింది. ఇక కేంద్ర ప్రభుత్వం 2023లో మూడు నుంచి ఎనిమిదేళ్ల పిల్లల కోసం జాదూయీ పిటారా (మాయా పెట్టె) పేరిట బొమ్మలు, పజిళ్లు, తోలుబొమ్మల వంటి ఆటవస్తువుల పెట్టెను 13 భాషల్లో విడుదల చేసింది. ఆటే చదువని సర్కారే అంటే మా వంటి శ్రమజీవులు ఏమైపోవాలి?

తెర ముందు కూర్చోబెట్టే సమయం రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఆ నియమాన్ని మేము తు.చ. తప్పక పాటించాము. పిల్లలకు ఏం కొనాలో వివరించే వీడియోలను రాత్రి ఒంటిగంట దాకా చూసే తండ్రుల గురించి ఆ సంస్థ ఏమీ అనలేదు.

తెలుగు అక్షరాల కార్డులను నేనే ముద్రించి, లామినేషన్ యంత్రం కొని, అంచులు గుండ్రంగా కత్తిరించాను. ఋషి బొమ్మ చూపితే అమ్మాయి "తాతయ్య" అంది. ఐరావతం చూపితే "ఏనుక్కి సున్నం వేశారు" అంది. రెండూ తప్పులుగా నమోదు చేశాను. పోయిన వారం మాత్రం ఆర్టీసీ బస్సు నుదుటి మీది పేరును కూడబలుక్కుని చదివేసింది. ఎక్కడ నేర్చావంటే, నాయనమ్మతో కూరగాయలకు వెళ్తూ నేర్చానంది. ఏ పద్ధతి ప్రకారం నేర్చినదో తేలనందున ఆ విషయాన్ని మా ఎక్సెల్ షీటులోకి ఎక్కించలేదు.

నిన్న ఆ ఒక సెంటీమీటరు ఘనం ఆచూకీ తెలిసింది. బియ్యంలో వచ్చిందట, మా అమ్మ రాళ్లతో పాటు ఏరి పారేసిందట. అమ్మినవారికి ఫోన్ చేస్తే చిన్నదాన్ని విడిగా ఇవ్వరని, గోపురం మొత్తం కొనాలని చెప్పారు. ఆర్డరు పెట్టాను. మూడు వారాల్లో వస్తుంది.