రిపోర్ట్ కార్డు గారికి ఒక నక్షత్రం గుర్తు తండ్రి రాయునది

మహారాజశ్రీ రాష్ట్ర పాఠశాలల రిపోర్ట్ కార్డు గారి సముఖమునకు,

ఉభయకుశలోపరి. మీ కుశలం అడగనక్కర్లేదు. ఏ బడి పిల్లలు పరీక్షలు ఎలా రాశారో చెబుతూ అమెరికాలోని యాభై రాష్ట్రాల్లోనూ ఏటా మీరే చాటుకుంటారు.

2002 జనవరిలో 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' (ఏ పిల్లా వెనకబడకూడదు) అనే చట్టం మీద అధ్యక్షుడు బుష్ గారు పెట్టిన సంతకంతో మీకు దేశమంతటా పట్టాభిషేకం జరిగింది. 2013-14 కల్లా చదవడంలోనూ లెక్కల్లోనూ నూటికి నూరుమంది పిల్లలూ ప్రవీణులు కావాలని అప్పుడే ముహూర్తం పెట్టేశారు. ముహూర్తం దాటిపోయింది, పెళ్లికొడుకు రాలేదు. 2015లో కొత్త చట్టం తెచ్చి ఆ గడువు తీసేశారు గానీ పందిరి మాత్రం విప్పలేదు. మీరే ఆ పందిరి.

మూడు నుంచి ఎనిమిదో తరగతి దాకా ఏటా పరీక్ష, హైస్కూల్లో మరొకసారి. ఆ ఫలితాలను జాతి, పేదరికం, వైకల్యం, ఇంగ్లీషు ఇంకా నేర్చుకుంటున్నవారు అంటూ విడదీసి చూపాలి. ఇక్కడ వెక్కిరింత లేదు. సగటు చాటున కనబడకుండా పోయిన పిల్లలను వెలుగులోకి తెచ్చింది మీరే, అందుకు దండం.

కానీ ప్రవీణుడంటే ఎవరండీ? ఇన్ని మార్కులు దాటితే ప్రవీణుడని ఏ రాష్ట్రం గీత ఆ రాష్ట్రమే గీసుకుంటుంది. వాటిలో చాలా గీతలు జాతీయ పరీక్ష గీతకు కిందే ఉంటాయి. మా అమ్మాయికి లెక్కలు రాకపోతే ట్యూషన్ పెట్టించాలా, సామాను లారీకెత్తి సరిహద్దు దాటాలా?

క్లుప్తంగా, తల్లిదండ్రులకు అర్థమయ్యేలా ఉండాలని చట్టం మీకు చెప్పింది. మొన్న రాత్రి పిల్ల నిద్రపోయాక మీ ముందు కూర్చున్నాను. రంగురంగుల గడులు, ఒకటి నొక్కితే మరొకటి. నాలుగో తరగతి, లెక్కలు, ఆసియా సంతతి అని వడపోసుకుంటూ వెళితే, అంకె ఉండవలసిన చోట ఒక నక్షత్రం గుర్తు! మరీ కొద్దిమంది ఉంటే ఎవరి సంగతి ఎవరిదో తెలిసిపోతుందని దాస్తారట. న్యాయమే. పైగా అది నిరుటి వసంతంలో రాసిన పరీక్ష, పిల్ల ఇప్పుడు ఐదో తరగతి. భిన్నాలంటే తేలుకుట్టినట్టు ముఖం పెడుతుందని వంటింటి బల్ల దగ్గర మాకెప్పుడో తెలిసింది.

అసలు మిమ్మల్ని పూర్తిగా చదివినవాళ్లు మాలో ఎందరు? మీ కడుపులోని అంకెలు లాగి, పదికి ఎంతో తేల్చిపెట్టే సైట్లున్నాయి. ఇల్లు కొనేటప్పుడు నేను చూసింది ఆ ఒక్క అంకే, పడకగదులు తర్వాత. విందులో ఎవరు కలిసినా మొదట అడిగేది "మీ బడి ఎంత?" అనే. "తొమ్మిది" అనేవాణ్ణి, ఆ పరీక్ష నేనే రాసినట్టు.

ఇప్పుడది ఏడుకు దిగింది. టీచర్లు వాళ్లే, గదులు అవే. లెక్క కట్టే పద్ధతి మారిందని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఇంటి వాయిదాలు మాత్రం తొమ్మిది లెక్కనే, ఇంకా ఇరవై రెండేళ్లు.

ఇట్లు,
నాలుగో తరగతి లెక్కల గడిలోని నక్షత్రం గుర్తు గారి తండ్రి