చాట్‌బాట్ ఉండగా కాన్పు క్లాసులెందుకు అంటున్నవాళ్లకి

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులోకి ఒక ఫార్వర్డ్ మళ్లీ మళ్లీ వస్తోంది. "కాన్పు క్లాసులకు వేలు తగలేయకండి. డాక్టర్ చెప్పేదంతా చాట్‌బాట్ తెలుగులో, ఫ్రీగా, అర్ధరాత్రయినా చెబుతుంది. భర్తలు శనివారాలు పాడుచేసుకోనక్కర్లేదు. ఆస్పత్రికి ఎప్పుడు వెళ్లాలో కూడా అదే చెబుతుంది" అని. మా పాపకి ఇప్పుడు ఐదు నెలలు. మేం బాట్‌నీ వాడాం, క్లాసులకీ వెళ్లాం.

అర్ధరాత్రి మాట నిజం. ఐరన్, కాల్షియం మాత్రలు కలిపి వేసుకోకూడదని, ఐరన్ వేసుకున్నాక వెంటనే టీ తాగొద్దని రాత్రి ఒంటిగంటకు సరిగ్గానే చెప్పింది. అమ్మనో అత్తనో అడగడానికి సిగ్గుపడే సంగతులు కూడా మా ఆవిడ దాన్నే అడిగేది.

తెలుగు సంగతి అలా కాదు. "మీ నీరు విరిగితే వెంటనే బయల్దేరండి" అని రాసింది. ఉమ్మనీరు పోవడమని అర్థం చేసుకోవడానికి మాకు రెండు నిమిషాలు పట్టింది. నిజంగా పోయిన రోజున ఆ రెండు నిమిషాల టెన్షన్ ఎవరికి కావాలి?

"డాక్టర్ చెప్పేదంతా" అన్నదగ్గరే అసలు తిరకాసు. బాట్ అడిగినదానికి చెబుతుంది. మొదటి కాన్పువాళ్లకి ఏం అడగాలో తెలిస్తే కదా! 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లో 81.5 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆ లెక్క తెలియని జంటకి, "మీ దగ్గర నార్మల్ ఎంతమందికి అవుతోంది?" అని డాక్టర్ని అడగాలని ఎలా తడుతుంది? మాకు ఆ ప్రశ్న నేర్పింది క్లాసులో సిస్టరే.

భర్తల శనివారాల సంగతికొస్తే, నేనూ మొదట్లో గొణుక్కుంటూనే వెళ్లాను. సిస్టర్ నా అరచేతిలో మణికట్టు పక్కనుండే గట్టి భాగాన్ని మా ఆవిడ నడుం కింద, వెన్నెముక చివర పెట్టించి, "నొక్కండి. ఇంకా. చపాతీ పిండి కాదు నాయనా, బండి తోస్తున్నట్టు" అంది. పురిటి నొప్పుల్లో నేను పనికొచ్చింది ఆ నొక్కుడుకే. బొమ్మని చంకలో పెట్టుకుని పాలు పట్టించే తీరు కూడా అక్కడే చూశాం. చదివితే వచ్చే విద్యలు కావివి.

ఇక ఆస్పత్రికి ఎప్పుడు వెళ్లాలన్నది. ఎనిమిదో నెలలో ఓ రాత్రి మా ఆవిడ నా ఫోన్ తీసుకుని, "తలనొప్పి తగ్గట్లేదు, ఏం చేయాలి" అని అడిగింది. కడుపుతో ఉన్నానని రాయలేదు, ఆ నొప్పిలో తోచలేదు. నీళ్లు తాగి, లైట్లార్పి పడుకోమంది బాట్. అది ఎన్నో నెలని అడగలేదు, కళ్లు మసకబారుతున్నాయా అనీ అడగలేదు. తప్పంతా దానిదే అనను. మర్నాడు అన్నీ వివరంగా రాసి అడిగితే వెంటనే ఆస్పత్రికి వెళ్లమనే చెప్పింది. కానీ ఆ రాత్రి మమ్మల్ని లేపి కూర్చోబెట్టింది క్లాసులో విన్న మాట: అయిదో నెల దాటాక తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు, ముఖం వాపు, పక్కటెముకల కింద నొప్పి, వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు, బీపీ చూపించుకోండి. 140/90 దగ్గరే జాగ్రత్తపడాలట. ఆస్పత్రికి వెళ్తే మా ఆవిడకి 150/100 ఉంది. ఆ రాత్రి ఇంటికి పంపలేదు.

మిగిలింది డబ్బు. ఫీజులు ఎక్కువే, కాదనను. అంత పెట్టలేనివాళ్లు ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆస్పత్రికి వెళ్లొచ్చు. నాలుగో నెల నుంచి గర్భిణులకు డాక్టరే చూసే ఉచిత పరీక్షలు 2016 నుంచీ జరుగుతున్నాయి. ఆశా కార్యకర్తని అడిగితే దగ్గర్లో ఎక్కడో చెబుతుంది. వెళ్లేముందు డాక్టర్ని అడగాల్సినవి బాట్ చేత ఓ కాగితానికి సరిపడా రాయించుకోండి, దానికి మాత్రం అది భేషుగ్గా పనికొస్తుంది. భర్త కూడా వెంట వెళ్లాలి.